వెదురు కన్నాల్లో సిమెంటు

మావా,

ఈరోజు నీ సంవత్సరీకం. నీ తమ్ముడు పొద్దున్నే వచ్చి, మన సిక్కుడు పందిరి వెదుళ్లకి తుమ్మెదలు తొలుసుకున్న కన్నాలన్నీ సిమెంటుతో మూసీసేడు. "సుట్టాలొస్తారు వదినా, కుట్టేస్తాయి" అంటాడు. హార్బరు డ్యూటీ దిగి నువ్వక్కడ కూకుంటే నీ సెవి పక్కనే తిరిగేవి, ఒక్కటైనా కుట్టిందేటి? ఇప్పుడు మూసిన వెదుళ్ల లోపల జుమ్మని ఒకటే మొత్తుకోలు.

నీకెట్టిన ముద్ద కాకి ముట్నేదు. "అన్నకేదో కోరికుండిపోయింది" అని నీ తమ్ముడే కళ్లొత్తుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ ఇనప ఊసతో పచ్చి సిమెంటంతా పొడిసి పారీసేను. తుమ్మెదలు ఒక్కొక్కటే బయటికొచ్చి, ఎవర్నీ ముట్టకుండా సిక్కుడు పూల మీదకెళ్లిపోయాయి.

నీ కోపం తగ్గితే వచ్చి తిను మావా. నాకింకా తగ్గనేదు.