బొమ్మ లేని పట్టాభిషేకం

1989 మార్చి 27, సోమవారం

నా నటజీవితానికి నేటితో స్వస్తి. హైదరాబాద్‌లో రెండేళ్లు, నాలుగు సినిమాలు. మొదటిదాంట్లో నా వీపు ఉంది. రెండోదాంట్లో గుంపులోంచి లేచిన ఎడమచెయ్యి నాదే. మూడోది రిలీజ్ కాలేదు. నాలుగోదాంట్లో శవం వేషం. ముఖం మీద గుడ్డ కప్పారు.

ఆర్మూర్‌లో బస్సు దిగేసరికి ఊరంతా పసుపు ఉడికిన వాసన. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, హీరో వచ్చిండు, జర గా పసుపు తిరగెయ్యమనుండ్రి అంది. ఎవరితో అందో తెలియదు. పసుపు ఆరబోసిన వాకిట్లో మేమిద్దరమే ఉన్నాం.

ఏప్రిల్ 3

ఉద్యోగం దొరికింది. భూమేశ్వరన్న వీడియో షాపు. క్యాసెట్లు కిరాయికిస్తాడు. పెళ్లిళ్లు తీయడానికి కొత్తగా కెమెరా కొన్నాడు. భుజానికెత్తితే మేకపిల్లను మోసినట్టుంది. షూటింగులు చూసినోనివి గద, నువ్వే తియ్యి తమ్మీ అన్నాడు. పడుకుని చూశానని చెప్పలేదు.

ఏప్రిల్ 8

హైదరాబాద్ నుంచి ఉత్తరం! టీవీ ఆఫీసులో ఒక సార్‌ను వేషం కోసం ఆరు నెలలు విసిగించాను. వేషం లేదు గానీ, మీ దిక్కు చిరుతల రామాయణం ఆడతారట, పట్టాభిషేకం అరగంట శుభ్రంగా తీసి ఈ నెల 24 కల్లా తెస్తే, బాగుంటే ప్రసారం చేస్తాం, నీకు ప్రొడక్షన్ అసిస్టెంట్‌గా కాంట్రాక్టు ఇప్పిస్తా అని రాశారు.

వేల్పూర్ అవతల ఊళ్లో చిరుతలు నేర్పే గురువు మా మేనమామ లింగం. అడిగితే, తీసుకో అల్లుడా, కానీ ఆటకు అడ్డం రావద్దు అన్నాడు. చేతుల్లో చెక్క చిరుతలు మోగిస్తూ పాడి ఆడే ఆట, నలభై రోజులు నేర్చుకుంటారు. చివరి రోజు పట్టాభిషేకం. రాముడి కిరీటం దించారంటే ఆ యేటికి రామాయణం అయిపోయినట్టే. మళ్లీ ఒక్క పాదం కూడా పాడరు, కలెక్టరొచ్చి అడిగినా సరే.

అంటే ఒకటే టేక్.

ఏప్రిల్ 16, ఆదివారం, సాయంత్రం

అయిపోయింది. మస్తు వచ్చింది.

మొదలయ్యే ముందు నాగవ్వ పసుపు కుంకుమల పళ్లెం పట్టుకొచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, ఊళ్లో అందరికీ అవ్వ. డోలుకు పెట్టింది, హార్మోనియానికి పెట్టింది, చిరుతలకు పెట్టింది. మిషిన్‌కు బొట్టు లేకుంటె ఎట్ల కొడ్కా అని నా ముందు నిలబడింది. జనమంతా చూస్తున్నారు. రెండేళ్లుగా నన్ను అంతమంది ఒకేసారి చూడలేదు. కెమెరాకున్న క్యాసెట్ తలుపు టక్కున తెరిచి, అమ్మవారు కూసునేది గీడ్నే అవ్వా అన్నాను, పురోహితుడి గొంతుతో. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కళ్లు మూసుకుని, ఇంట్లో దంచిన పసుపు ఒక చిటికెడు లోపల వేసింది.

తర్వాత కెమెరా కంటితో చూస్తే ప్రతి షాటూ బంగారం.

ఏప్రిల్ 17, పొద్దున పది గంటలు

షాపులో వేసి చూశాం. రెండు నిమిషాలు బొమ్మ ఉంది. తర్వాత తెరంతా చుక్కలు. అరగంట చుక్కలే. ధ్వని మాత్రం గంట కొట్టినట్టు స్పష్టంగా ఉంది.

భూమేశ్వరన్న కెమెరా తెరిచి చూశాడు. బొమ్మను టేపుకెక్కించే హెడ్ మీద పసుపు, ధ్వనిది వేరే హెడ్ అట. అద్దంలోంచి చూస్తే అంతా కనబడుతుందట, టేపు మీదికి మాత్రం ఎక్కదట. ఎవర్రా దీంట్ల పసుపు పోసింది అని అరిచాడు.

నాగవ్వ అన్నాను.

ఒక్క మాట. అబద్ధం కాదు. తలుపు తెరిచిందెవరో ఆయన అడగలేదు.

ఏప్రిల్ 18

మామ దగ్గరికి పోయి, ఇంకొక్కసారి ఆడండి, పావుగంట చాలు అని బతిమాలాను. రాముడు గద్దె దిగిండు, చిన్నయ్య మక్క చేనుకు పోయిండు, ఇగ యాడ తెస్త అల్లుడా అన్నాడు. చిన్నయ్యంటే రాముడి వేషం కట్టినతను, మొక్కజొన్న కోతల్లో పడ్డాడు. అసలేమైందని మామ అడిగితే, మళ్లీ అదే ఒక్క మాట చెప్పాను. అక్కడ నలుగురు విన్నారు.

ఏప్రిల్ 19

రాయడానికేమీ లేదు.

ఏప్రిల్ 20

కెమెరా నిజామాబాద్ పోయి బాగై వచ్చింది. భూమేశ్వరన్నకు ఒక ఆలోచన కూడా వచ్చింది. ధ్వని బాగుంది కదా, దాన్ని టేప్‌రికార్డర్‌లోకి ఎక్కిద్దాం, షాపు వెనక పరదా కట్టి కిరీటాలు పెట్టి పెదాలు ఆడిద్దాం, హైదరాబాదోళ్లకు ఏమెరుక అన్నాడు. రాముడెవరన్నా అంటే, నువ్వేరా, ఎన్ని దినాలైంది మొఖానికి రంగేసి అన్నాడు.

సాయంత్రం అద్దం ముందు కూర్చుని నీలం రంగు పూసుకున్నాను. నిష్పక్షపాతంగా రాస్తున్నాను: రాముడు బాగున్నాడు. ముప్పై నిమిషాలు నా ముఖమే, క్లోజప్పులో, రాష్ట్రమంతా. రేపే షూటింగ్.

అప్పుడు అమ్మ లోపలికొచ్చింది.  మీ మామ ఊరి నుంచి కబురొచ్చింది, నాగవ్వ మూడు దినాలైందట ముద్ద ముట్టక, రాముడు నా చెయ్యి వద్దన్నడు, నా పసుపు తోటే ఆయన బొమ్మ పోయింది అని గోడ దిక్కు తిరిగి పండుకున్నదట అంది.

రంగు సబ్బుకు సరిగ్గా పోలేదు. చెవుల దగ్గర ఇంకా నీలంగానే ఉంది.

ఏప్రిల్ 21

పొద్దున మొదటి బస్సుకే వేల్పూర్ దిక్కు పోయాను. సంచిలో టేప్‌రికార్డర్, దొంగ షూటింగుకని ఎక్కించిన క్యాసెట్. ఏం చేద్దామని తీసుకుపోయానో నాకే తెలియదు.

నాగవ్వను పట్టుకొచ్చి మామ వాకిట్లో కూర్చోబెట్టారు. ఊరు సగం అక్కడే ఉంది. నటుణ్ని కదా, దారి పొడుగునా డైలాగు తయారు చేసుకున్నాను. నోరు తెరిస్తే అందులో ఒక్క ముక్క రాలేదు. తలుపు తెరిచింది నేనే, నవ్వించాలని తెరిచాను, అవ్వ తప్పు లేదు అన్నాను.

 నాగవ్వ నా దిక్కు తిరిగింది. అయితె రామునికి నా మీద కోపం లేదా అంది. లేదవ్వా అన్నాను. నాకున్నది నీ మీద, ఇటు రా అంది. పోయాను. మూడు రోజులు తిండిలేని మనిషి కొట్టిన దెబ్బలా లేదది. తర్వాత, ఎవలన్న ఇంత గట్క పోయుండ్రే, ఆకలైతున్నది అంది.

మామ ఒకటే అడిగాడు. పాటన్న ఉన్నదా? ఉంది మామా, కానీ మీరు మళ్లీ పాడరు కదా అన్నాను. పాడుడు తప్పు గానీ, ఇనుడు తప్పెట్లైతది, పెట్టు అన్నాడు.

పెట్టాను. రెండు నిమిషాలు కాలేదు, డోలు కొట్టే గంగారాం వేళ్లు మోకాలి మీద ఆడటం మొదలుపెట్టాయి. బీడీ ముట్టించబోయిన చిన్నయ్య దాన్ని జేబులో పెట్టేసి వెన్ను నిలబెట్టి కూర్చున్నాడు. నాగవ్వ గట్క గిన్నె కింద పెట్టి చెంగు నెత్తిన కప్పుకుంది. నేను టక్కున ఆపేశాను. అందరూ నన్ను తిట్టారు. మామా, మిగతాది రేపు పెడతా, కెమెరా తెస్తా, పాడే వాళ్లను కాదు, వినే వాళ్లను తీస్తా అన్నాను.

మామ ఆలోచించాడు. ఒక్కసారే, మళ్ల మళ్ల పెట్టి ఇనేటందుకు గది సినిమా పాట గాదు అన్నాడు.

మళ్లీ ఒకటే టేక్. షాపుకొచ్చి చెబితే భూమేశ్వరన్న, నీకేమన్న తిక్క లేచిందారా, రాముడు లేని రామాయణం ఎవడు చూస్తడు అన్నాడు. కానీ కెమెరా ఇచ్చాడు.

ఏప్రిల్ 22, మధ్యాహ్నం

చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగాను. నవ్వించే మాట ఒక్కటీ మాట్లాడలేదు. ఇది నా జీవితంలో రికార్డు.

మామ వాకిట్లో పాట పెట్టాను. కెమెరా ఎవరి మీద పెట్టాలో తెలియక మొదటి అయిదు నిమిషాలు చెమట. కెమెరాను చూసి అందరూ బిగుసుకుపోయారు, ఫొటోకు కూర్చున్నట్టు. చిన్నయ్య ఏకంగా తల దువ్వుకొచ్చాడు. చెడిపోయింది అనుకున్నాను.  ఆపడానికి లేదు, మళ్లీ పెట్టడానికి లేదు.

పదో నిమిషంలో నన్ను మరిచిపోయారు.

కిరీటం పెట్టే ఘట్టం వచ్చింది. నాగవ్వ లేచి నిలబడి, ఖాళీ గుప్పిలి విప్పి, ఎవరూ లేని చోటికి అక్షింతలు వేసింది. ఆమె వెనక అందరూ లేచారు. అందరివీ ఖాళీ చేతులే. చిన్నయ్య ఒక్కడే లేవలేదు, తల వంచుకున్నాడు.  ఫోకస్ ఒకసారి పోయింది, మళ్లీ వచ్చింది.

షాపుకు పోయి టేపు వేసి చూసేదాకా ఊపిరి పీల్చలేదు. బొమ్మ ఉంది.

ఏప్రిల్ 24, సోమవారం, హైదరాబాద్

సార్ అయిదు నిమిషాలు చూసి, రాముడెక్కడయ్యా అన్నారు. చేన్ల ఉన్నడు సార్, మక్కలు కోస్తున్నడు అన్నాను. ఆయన నవ్వలేదు. చివరిదాకా చూశారు. ఇది మేం అడిగింది కాదు అన్నారు. టేపు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

మే 2

ఉత్తరం లేదు.

మే 6

లేదు. అమ్మ చెప్పకముందే పసుపు తిరగేశాను.

మే 10

కార్డు. శనివారం సాయంత్రం ఆరున్నరకు ప్రసారం. జూన్ ఒకటిన వచ్చి చేరమన్నారు.

మే 13, శనివారం

మామ ఊళ్లో పంచాయతీ టీవీ ముందు ఊరంతా కూర్చుంది. ఆఖర్న తెర మీద నా పేరు పడిందట, చిన్నయ్య చదివి చెప్పాడు. నేను చూడలేదు. ఇటు తిరిగి నాగవ్వను చూస్తున్నాను.