ట్రేలో పరిచిన చీర

జూన్ 3, సోమవారం
నెత్తళ్ల చేపలు మళ్లీ కుళ్లాయి. ట్రే అంచుల్లో ఎండి గలగలలాడుతున్నాయి, నడిమధ్యలో తడి, వాసన. రెండు గంపలు సముద్రంలో పోశాం. నాతో షెడ్డులో పనిచేసే నూకాలు ఏడవలేదు. గంప కడుక్కుంది, అంతే.

జూన్ 4
మత్స్యశాఖ ఆఫీసు కాగితం వచ్చింది. చేపలెండబెట్టే డ్రైయరు బాగానే ఉందట. కంప్యూటర్‌లో వేసి చూస్తే గాలి అన్ని మూలలకీ సమానంగా తగిలిందట. తప్పంతా ఆడవాళ్ల వాడకంలోనట. మా ఆడవాళ్ల సంఘం సెక్రటరీగా నేను కింద సంతకం పెట్టాలి. పెడితే షెడ్డు కాంట్రాక్టరుకి పోతుంది, పద్నాలుగు మంది ఈ వానల్లో ఇంటి దగ్గర కూర్చోవాలి.
"కరుణ దీదీ, మీరు చదువుకున్నవారు, సమఝ్ జాయియే" అన్నారు ఆఫీసు సాబ్ ఫోన్లో.
అర్థమైంది. పెట్టను.

జూన్ 6
పొద్దుటి బోటెక్కి పట్నంలో గోల్ ఘర్ దగ్గరున్న ఆఫీసుకి వెళ్లాను. కంప్యూటర్‌లో మా డ్రైయరు బొమ్మ చేసింది అనిత— పదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారి కూతురు. తెరమీద ఒక పెట్టె. కింద ఫ్యాను, పైన పొగగొట్టం, మధ్యలో సన్నటి గీతలు.
"ఇవేనా ట్రేలు?"
"హా ఆంటీ."
గాలి వాటిలోంచి అడ్డేమీ లేనట్టు పైకి పోతోంది.
"ఇది గోడా, జల్లెడా? కంప్యూటర్‌కేం చెప్పావు?"
అనిత కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. బయటి గోడలు, ఫ్యాను ఒక లెక్క. లోపలున్న వస్తువు గాలిని ఎంత ఆపుతుందో మనమే విడిగా చెప్పాలట. దాన్ని ఇంటీరియర్ బౌండరీ అంటారట. చెప్పకపోతే ఆ వస్తువు అక్కడ లేనట్టే.
ట్రేలకి చెప్పలేదు.
"టైమ్ నహీఁ థా ఆంటీ... సాబ్ జల్దీ కావాలన్నారు."
"ఇప్పుడు చెప్పమ్మా."

జూన్ 7
అనిత షెడ్డుకి వచ్చింది. గాలి వేగం చూపే చిన్న చక్రం తెచ్చింది. ట్రే కింద ఎంత, ట్రే దాటాక ఎంత— రోజంతా అదే పని. నూకాలు ఊరుకోదుగా... "ఈ బొంగరం మన సేపలెండబెడతాదేటి?" అనిత కూడా నవ్వింది.

జూన్ 8
అనిత ఫోన్. ట్రేలని జల్లెడగా పెట్టిందట. గాలి తగ్గింది, కానీ అంతటా ఒక్కలాగే వస్తోంది. "సారీ ఆంటీ. ఫిర్ భీ, ఈ లెక్కన చేపలు మధ్యలో కూడా ఎండాలి."
రాత్రి ప్రార్థనకి మోకరించాను.

జూన్ 9, ఆదివారం
చర్చిలో ప్రసంగం మధ్యలో తట్టింది. ఆ రోజు కొలిచింది ఖాళీ ట్రే, గోడకి ఆనించి ఉన్న కొత్తది.
మేం వాడే ట్రేల్లో చీర ముక్కలుంటాయి. తీగ కన్నాలు పెద్దవి, నెత్తళ్లు జారిపోతుంటే మొదటి వారమే నేను చెప్పాను, పాత చీరలు పరవండర్రా అని. ఇసకలో ఎండబెట్టినప్పుడు మా అమ్మలు పరిచేవాళ్లు కదా... పైన ఎండకి చీర అడ్డం కాదు. కిందనుంచి వచ్చే గాలికి అడ్డమే.
నేనే.
చర్చి బయట నూకాలికి చెప్పాను. తనది మా మతం కాకపోయినా నా కోసం వచ్చి నిలబడింది.
"సెప్పకక్కా. మన మెడకే సుట్టుకుంటాది."
"నా మెడకి చుట్టుకోనీ. లేని మాట మీద సంతకం పెట్టనన్నదాన్ని, ఉన్న మాట దాస్తానా?"

జూన్ 10
చీరతో, చేపలతో ట్రే మోసుకుని బోటెక్కాం. అందరూ ముక్కులు మూసుకున్నారు. మూసుకోనీ.
ఆఫీసులో ఫ్యాను మీద పెట్టి కొలిస్తే, చీర దాటాక చక్రం దాదాపు ఆగిపోయింది. అనిత ఆ కొలత ఎక్కించింది. తెరమీద గాలంతా అంచుల సందుల్లోంచి పైకి పాకింది. మధ్యలో ముదురు నీలం మచ్చ, గాలి ఆడని చోటు. అచ్చం మా కుళ్లిన మచ్చ ఆకారమే.
"ఆంటీ, ఇది మీకే ఖిలాఫ్, మీ మీదికే పోతుంది."
"పోనీ. తియ్యకు. చీర తీస్తే నెత్తళ్లు కింద పడతాయని కూడా రాయి. మూడు బొమ్మలూ ఇవ్వు— ట్రే లేనిది, ఉన్నది, చీర పరిచింది."

జూన్ 11
సాబ్ ఫోన్. "దీదీ, మీరు ఎంత సీధీగా, మంచిగా ఉండేవారు..." బొమ్మలు బయటికి రాకపోతే షెడ్డు ఇంకో రెండు నెలలు మాకే ఉంచుతారట.
రెండు నెలలు. తర్వాత? కాగితం మీద మాత్రం తప్పు ఆడవాళ్లదే.
వద్దన్నాను. గొంతు పెంచలేదు.

జూన్ 12
షెడ్డు సంగతి తేల్చే మీటింగు గది బయట బల్ల. ఇక్కడే రాస్తున్నాను.
వాళ్ల కాగితం కింద నా మాటలు తెలుగులో రాసి సంతకం పెట్టాను. చీర పరవమన్నది నేను. అంత పెద్ద కన్నాల ట్రేలిచ్చింది ఆఫీసు. మొదటి బొమ్మలో ట్రేలే లేవు. అనిత పక్కనే కూర్చుని హిందీలోకి మారుస్తోంది.
ఇందాక సాబ్ తలుపు తీశారు. "ఆ ట్రే బయట పెట్టి రండి. వాసన."
"ట్రేతోనే వస్తాం సాబ్."
తలుపు మూసేశారు.
నూకాలు ట్రేని ఒళ్లోకి లాక్కుంది. తలుపు మళ్లీ తీసేదాకా కూర్చునే ఉంటాం...