ఫోను ఎంగేజ్ రావాలి

అత్తయ్యగారూ,

మధ్యాహ్నం చిన్మయి బడి నుంచి రాగానే పాలిచ్చి, కంప్యూటర్లో ఏనుగు కథ పెట్టుకోమనండి. ప్రతి మాటా ముందు తనే చదవాలి. ఆ తర్వాతే దాని మీద నొక్కాలి. కంప్యూటర్ పైకి చదివితే తప్పు తనకే తెలుస్తుంది. మీకు ఇంగ్లీషు రాకపోయినా పక్కన కూర్చోండి, చాలు. ఈ దేశంలో బళ్ళు జనవరిలోనే తెరుస్తారు. ఒకటో తరగతికి వెళ్ళేలోగా దానికి చదవడం వచ్చి తీరాలి.

ఇంటర్నెట్ నడిచేది ఫోను లైను మీదే కనక, అది ఉన్నంతసేపు మన ఫోను ఎంగేజ్ వస్తుంది. నేను ఫోన్ చేస్తానని నిన్న నాలుగింటికే ఆపించేశారు. ఇవాళ ఆపించకండి. ఎంగేజ్ వస్తే చదువు సాగుతోందనుకుని నిశ్చింతగా ఉంటాను.

రఘునాథ్

సుజాత బతికుండగా మీతో ఫోన్లో మాట్లాడుతూ కూర్చుంటే, ఎంగేజ్ వస్తోందని విసుక్కునేవాణ్ణి. ఇవాళ నాలుగింటికి ఆ మోత వినడానికే ఫోన్ చేస్తాను.