నావలో చెప్పిన మాట

చిలకలగూడ, సికింద్రాబాదు
18 ఫిబ్రవరి 1986

ప్రియమైన నాన్నగారికి,

దేవుడు మీ ఆరోగ్యాన్ని కాపాడాలని వేడుకుంటూ కృప రాస్తున్నది. నేను క్షేమంగా ఇల్లు చేరాను. బందరు స్టేషన్లో మీరు నా చేతిలో పెట్టిన అరటిపళ్ళు ఎదుటి సీటావిడ పిల్లలకు ఇచ్చేశాను. తినబుద్ధి కాలేదు.

మీ మాట విన్నాక నావ ఒడ్డుకు చేరేదాకా నేను గొడవ చేయకపోయేసరికి, కృప సర్దుకుంది అనుకుని ఉంటారు. సర్దుకోలేదు నాన్నా. ఇప్పుడు రాస్తున్నాను.

చిన్నప్పుడు సెలవులకు మన ఊరు వెళ్ళిన ప్రతిసారీ, నన్ను కూడా సముద్రం మీదికి తీసుకెళ్ళమని ఏడ్చేదాన్ని. మీరూ యేసురాజు బాబాయీ నవ్వి నన్ను ఒడ్డునే వదిలి వెళ్ళేవారు. అమ్మ పోయాక మీరు బాబాయి దగ్గరికి వెళ్ళి, చలికాలం వెళ్ళిపోతుండగా మీరే ఉత్తరం రాసి పిలిచారు. "తమ్ముడి నావ ఖాళీగా ఉంది. మనిద్దరమే వెళ్దాం, రా" అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళదాన్ని, బడికి సెలవు పెట్టి చిన్నపిల్లలా పరుగెత్తుకొచ్చాను. అమ్మ మంచం పక్కన గడిచిపోయిన ఏళ్ళన్నిటికీ నాన్న ఇన్నాళ్ళకు నాకొక మంచి రోజు ఇస్తున్నాడనుకున్నాను.

మంచి రోజే, మొదట. ఒడ్డు సన్నని గీతలా అయిపోయింది. గాలానికి రొయ్య గుచ్చడం మీరు నేర్పారు. నా తాడు ఒక్కసారిగా బిగిసినప్పుడు మీరు ఎంత గట్టిగా అరిచారో గుర్తుందా? "వదలకు! కొంచెం కొంచెంగా లాగు, కృపా, వదలకు!" తాడు కోసుకుని అరచేయి రక్తం కారుతున్నా లాగాను. వంజరం చేప. నా చేయంత పొడుగు. "నా కూతురివి అనిపించావే" అని మీరు నా వీపు తట్టారు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో మీకు తెలియదు.

చేప ఇంకా కొట్టుకుంటూనే ఉంది, మీరు చెప్పడం మొదలుపెట్టారు. మన ఊరి చర్చి వెనక ఉండే జ్ఞానమణి గారిని ఈస్టరు తర్వాత పెళ్ళి చేసుకుంటున్నానని. ఇది ఇప్పటి మాట కాదనీ, అమ్మ మంచాన పడ్డ రెండో ఏటి నుంచీ ఉన్నదేననీ. బెజవాడ డ్యూటీ అని ఇంట్లోంచి బయల్దేరిన రైలు గార్డుగారు, అంటే మీరు, సగం రోజులు బందరులో దిగి ఆవిడ దగ్గరికి వెళ్ళేవారనీ.

"అమ్మకు తెలుసా?" అని ఒక్కటే అడిగాను.

"చెప్పాను. దానికి అప్పటికే మాట పడిపోయింది కదా. కళ్ళు మూసుకుంది. సరే అన్నట్టే అనుకున్నాను" అన్నారు.

"ఇంట్లో చెప్పకుండా ఇక్కడిదాకా ఎందుకు తీసుకొచ్చారు?"

"ఇంట్లో అయితే లేచి వెళ్ళి తలుపేసుకుంటావు. ఇక్కడ పూర్తిగా వింటావు."

అంత ఆలోచించి పిలిచారన్నమాట. గాలి ఎదురు తిరిగింది. మీకు ఆయాసం వస్తుంటే రెండో తెడ్డు నేనే అందుకున్నాను. మీ పక్కనే కూర్చుని, మీతో సమానంగా వేస్తూ ఒడ్డుకు తెచ్చాను. వేరే దారి లేదు కనక.

మీరు పెళ్ళి చేసుకుంటున్నందుకు కాదు నా బాధ. బేగంపేట ఆఫీసులో పనిచేసే ఆర్థర్ నన్ను పెళ్ళికి అడగడానికి మన ఇంటికి వచ్చినప్పుడు, "మీ అమ్మను ఎవరు చూస్తారమ్మా? కొన్నాళ్ళు ఆగు" అన్నారు. ఆగాను. అతను కూడా ఆగి ఆగి, చివరికి గుంటూరు అమ్మాయిని చేసుకున్నాడు. అమ్మకు ఒళ్ళు తుడిచినందుకు నాకు చింత లేదు. నన్ను ఆగమన్న మనిషి తను మాత్రం ఆగలేదన్నదే మింగుడు పడటం లేదు.

మీ బట్టలు సర్ది పార్సెల్ చేస్తాను. పెళ్ళికి రాను.

మీ కూతురు,
కృప

*

గిలకలదిండి
4 మార్చి

చిరంజీవి కృపకు నాన్న దీవెనలు.

బట్టలు పంపవద్దు. జ్ఞానమణి కాదు పొమ్మంది. నువ్వేమైనా ఆమెకు రాశావా? రాసి ఉంటే చెప్పు, నేనేమీ అనను.

నావలో నీకు చెప్పానని నేనే ఆమెతో అన్నాను. "అమ్మాయికి ఎప్పుడో చెప్పాను, ఒప్పుకుంది అన్నావుగా ఇన్నాళ్ళూ?" అంది. సమయం చూసి చెబుదామనుకున్నానన్నాను. "కన్నకూతుర్ని లేచి వెళ్ళే దారి లేనిచోట కూర్చోబెట్టి చెప్పావా? రేపు నాకేదన్నా చెప్పాల్సొస్తే నన్నూ నావెక్కిస్తావు. ఇంక రాకు" అని, ఎండేసిన చేపలు గంపకెత్తుకుని లోపలికి పోయింది. ఎన్నిసార్లు వెళ్ళినా తలుపు తీయడం లేదు.

తమ్ముడి ఇంట్లో ఎన్నాళ్ళుంటాను? వాడి కోడలికి నేను బరువుగానే ఉన్నాను. శనివారం రైలుకు బయల్దేరుతున్నాను. మనిద్దరం ఎప్పటిలాగే ఉందాం. జరిగింది మళ్ళీ ఎత్తవద్దు. రాత్రిపూట నాకిప్పుడు చపాతీలే పడుతున్నాయి, పిండి పట్టించి ఉంచు.

ఇట్లు,
నాన్న యెషయా

*

చిలకలగూడ
7 మార్చి

నాన్నగారికి,

ఈ ఉత్తరం మీరు ఇంట్లోకి అడుగుపెట్టాక చదువుతారు. పక్కింటి అనసూయమ్మ అత్త దగ్గర తాళంచెవితో పాటు ఉంచి వెళుతున్నాను.

జ్ఞానమణి గారికి నేనేమీ రాయలేదు. ఆవిడ ముఖం కూడా నాకు తెలియదు. నా తరఫున కోపం తెచ్చుకున్న మనిషి ఆవిడ ఒక్కతే అయింది. అది తలచుకుంటేనే ఏడుపొచ్చింది.

మిమ్మల్ని రావద్దని రాద్దామని కూర్చున్నాను. అనసూయమ్మ అత్తకు కారణం చెప్పలేదు, మీకూ నాకూ మాట తేడా వచ్చిందని మాత్రమే అన్నాను. "ముసలాయన ఏడికి పోతడే? జెర మనసు పెద్దగ చేస్కో బిడ్డా" అంది.

"రానియ్యి అత్తా. నేనే పోతున్న" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా నాకూ తెలియదు.

మా బడివాళ్ళకే మెదక్ వైపు ఒక ఆడపిల్లల హాస్టల్ ఉంది. అక్కడికి వార్డెనుగా వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. నేను వెళ్తానన్నాను. సంతోషంగా వెళ్తున్నానని అనుకోవద్దు. ఈ వయసులో పెట్టె పట్టుకుని తెలియని ఊరికి పోవడం భయంగానే ఉంది. నిన్న అమ్మ మంచం మీద కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను. కానీ మీకు చపాతీ వడ్డించి, ఎదురుగా కూర్చుని, ఏమీ జరగనట్టు తినడం దానికంటే భయంగా ఉంది.

పిండి పట్టించాను. స్టవ్‌లో కిరసనాయిలు పోశాను. పాలబ్బాయికి మీ ఒక్కరికే పొయ్యమని చెప్పాను.

ఆదివారం చర్చిలో దేవకృప ఏదని అందరూ అడుగుతారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏం చెబుతారో మీ ఇష్టం.

దేవకృప