ఫొటోల వరుసలో ఖాళీ

కరీంనగర్,
ఆదివారం.

చిరంజీవి ప్రజ్ఞకు,

బాపమ్మ ఆశీస్సులు. ఇక్కడ మీ బాపు, అమ్మ, నేను ఆరోగ్యంగానే ఉన్నాం. పుణెలో మీరిద్దరూ వేళకు తింటున్నారని నమ్ముతున్నాను.

నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. మోకాలు నయం. వెబ్‌పేజీకి రూపమిచ్చే సీఎస్‌ఎస్‌లో రంగులకు పేర్లు పెట్టి ఒక్కచోట రాసుకునే పద్ధతి పట్టుబడింది. ఇప్పుడు ఒక్క వరుస మారిస్తే పేజీ అంతా మారుతోంది. లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని, దీనికి బెదరను. నువ్వు పంపే పాఠాల్లోనే అక్షరదోషాలు ఎక్కువ. చూసుకో.

ఇక మూడోది. మన కుటుంబం వెబ్‌పేజీలో ఫొటోల వరుస చివర ఖాళీ ఉందనీ, గ్రిడ్‌లో ఆటో-ఫిల్ తీసి ఆటో-ఫిట్ రాస్తే సర్దుకుంటుందనీ రాశావు. ఆ తేడా నాకు తెలుసు. ఫిట్ అని రాస్తే ఉన్న ఫొటోలే సాగి ఖాళీని మింగేస్తాయి. ఫిల్ అని రాస్తే లేనివారి చోటు అట్లాగే ఉంటుంది.

నువ్వు ఖాళీ సంగతే అడిగావు. అక్కడ ఉండాల్సిన నీ ఫొటో ఏమైందని అడగలేదు.

వెంకటేశ్‌తో నీ పెళ్లయిందని తెలిసిన రోజు మీ బాపు తీసెయ్యమన్నాడు. తీసింది నేనే. వెంటనే మిగిలిన ముగ్గురం వెడల్పై వరుసంతా నిండిపోయాం, ఈ ఇంట్లో నువ్వు పుట్టనే లేదన్నట్టు. చూడలేక ఫిల్ అని మార్చాను. ఫోనులో ఫొటోలు ఒకదాని కింద ఒకటి వస్తాయి కనుక ఎవరికీ తెలియలేదు. మొన్న మీ బాపు ల్యాప్‌టాప్‌లో చూశాడు.

"అవ్వా, గీ ఖాళీ ఏంది? మంచిగ కనవడ్తలేదు."

"ఉండనియ్యి."

"బట్టలు నేసే సాంచాలు నడిపేటోళ్ల ఇంటికి పోయినదానికి గింకా జాగెందుకు?"

"జాగ ఇచ్చింది నేను. నువ్వు బువ్వ తిను."

తినకుండానే లేచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి నాతో మాటల్లేవు. మీ అమ్మ నాకు ముందే వడ్డించి లోపలికి వెళ్లిపోతుంది. ఒక్కదాన్నే తింటున్నాను. మధ్యాహ్నాలు ఆ పేజీ తెరుచుకుని కూర్చుంటాను.

మీరిద్దరూ కలిసి ఉన్న ఫొటో పంపు. వెంకటేశ్‌ను కత్తిరించి పంపితే తిప్పి పంపుతాను. కింద పేరు ఎట్లా రాయాలో అతణ్ణే అడుగు. దొంగచాటుగా పెట్టను. మీ బాపును పక్కన కూర్చోబెట్టుకుని, వాడు చూస్తుండగానే పెడతాను. వాడు లేచి వెళ్లిపోతే పోనీ.

ఇట్లు,
మీ ఇద్దరి బాపమ్మ,
రాధాబాయి