టైలర్లకి సెలవు రోజు

మా మేస్త్రీగారికి,

నావి కోడిగీతలు, తప్పులూ ఉంటాయి. ఐదో తరగతి తర్వాత సంతకానికి తప్ప పెన్ను పట్టలేదు. నవ్వకుండా కూడబలుక్కుని చదువుకోండి. చదివాక మాత్రం దీన్ని కాల్చేయండి. ఫోన్‌లో చెప్పే మాట కాదిది. మీ చుట్టూ పనివాళ్లు చేరి “వదిన ఏమంటోంది?” అని అల్లరి కూడానూ.

మీ చేతిలో తప్పేమీ లేదండీ. తప్పంతా నాది.

కింద ఫర్నిచరు షాపులోని వార్నిషు, థిన్నరు ఘాటంతా మెట్లెక్కి మన గదిలోకే వస్తుందని కదా కాలేజీ మేడం తన ప్రయోగానికి మన గదిని ఎంచుకున్నారు. ఆవిడిచ్చిన తెల్లటి మందు మీరు స్ప్రే గన్నుతో, గోడకి బిగించిన పలకల మీద కొట్టారు. ఎండ తగిలితే ఆ పూత గాలిలోని ఘాటుని విరిచేస్తుందన్నారు. కిటికీ అద్దం మూసే ఉంచాలి, లేకపోతే ఘాటు గాలికి పోయిందో పూతకి పోయిందో తెలీదు, కర్టెను మాత్రం పగలంతా తీసి ఉంచాలి అని నాకు రెండుసార్లు చెప్పారు. తలూపాను.

తలూపానే గానీ తీయలేదు. ఎదురుగా టైలరు షాపు. నాలుగు మిషన్లు, నాలుగూ మన కిటికీ వైపే. మీరు కిందికి దిగగానే కర్టెను లాగేసేదాన్ని. మెట్ల మీద మేడం చెప్పుల చప్పుడు వినబడితే తీసేదాన్ని. టైలర్ల సెలవు రోజున తప్ప ఆ పలకలు ఎండ ముఖం చూడలేదు.

మేడం గదిలో పెట్టిన ఘాటు కొలిచే మీటరులో అంకె దిగకపోయేసరికి షాపు ఓనరు మీ మీద పడ్డాడు. “గోడకి సున్నం వేసేవాడికిచ్చినా ఇంతకన్నా బాగా కొట్టేవాడు కదయ్యా!” అన్నాడు, అందరి ముందూ. మీరు “నా చెయ్యే తేడా చేసిందేమోనండీ” అని తగ్గి, రెండుసార్లు గీకి మళ్లీ కొట్టారు. పన్నెండేళ్ల పనితనం మీది. తలుపు వెనక నిలబడి అంతా విన్నాను, నోరు విప్పలేదు. ఆ మాట పడలేకే కదా మీరు అంత దూరం పనికి వెళ్లిపోయారు!

శనివారం పలకలు విప్పి తీసుకుపోతారట. అవి పనిచేస్తే కింద షాపులోనూ పెడతామన్నారు, మీ దగ్గు తగ్గుతుందని అందరికన్నా ఆశపడింది నేనే. ఆ ఆశకి తెర వేసిందీ నేనే. రేపు కాలేజీకి వెళ్లి చెప్పేస్తాను. ఒక్కదాన్నే.

మీ పిచ్చుక


నా మేస్త్రీగారికి,

తప్పులుంటే ఉండనీండి, ఈసారి ఏమీ అనుకోవద్దని అడగను.

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ “ఎవరు కావాలమ్మా?” అన్నాడు. “మేడం” అన్నాను. “ఇక్కడ నలభైమంది మేడంలున్నారు తల్లీ!” “గాలి మేడం” అన్నాను. నవ్వి దారి చూపించాడు.

నేల చూస్తూ మేడంకి అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆవిడ కుర్చీలోంచి లేచారు.

“టైలర్లకి సెలవు ఏ రోజు?”

“మంగళవారం అండీ. మా షాపు మాత్రం మామూలుగానే నడుస్తుంది.”

గబగబా కాగితాలు తిప్పారు. “మంగళవారం! ఇదీ మంగళవారమే! వారానికోసారి అంకె సగానికి పడిపోతుంటే మీటరుకి పిచ్చెక్కిందనుకున్నాం కదరా!” అని పక్కనున్న అసిస్టెంటు వీపు మీద ఒక్కటిచ్చారు. తర్వాత నా వైపు తిరిగి, “మీ ఆయన పూత మొదటి రోజునుంచీ పనిచేస్తోందమ్మా. ఎండ ఉన్న రోజుకీ లేని రోజుకీ తేడా ఇంత తేటగా మేం కావాలని చేసినా కుదిరేది కాదు” అన్నారు.

తిరిగొస్తుంటే పెద్ద టైలరు ఆపాడు. “ఏమ్మా, ఆ కర్టెను అంచు కుట్టిందెవరు? పాములా వంకర్లు! రోజూ దాన్నే చూడాల్సొచ్చి మా ప్రాణాలు పోతున్నాయి.”

ఇన్నాళ్లూ వాళ్లు చూసింది నన్ను కాదండీ, నా కుట్టుని! “నేనే కుట్టాను. ఇక అది మీకు కనబడదులెండి” అన్నాను. మేడెక్కి కర్టెను ఆ చివరి దాకా లాగేశాను. ఎండంతా పలకల మీద పడింది.

శనివారం మేడం అందరినీ పిలిచి మీటరు చదివారు. ఘాటు మూడొంతులు తగ్గింది. పలకలు విప్పడం లేదు, కింద షాపుకీ పెడతారట. “అవి కూడా ఆ చేతితోనే కొట్టించాలి” అన్నారు. ఓనరు ఛాతీ విరిచి “మావాడేనండీ! చెయ్యి అలాంటిది” అన్నాడు.

తలుపు వెనక నుంచి బయటికొచ్చాను. “అవునండీ. సున్నం వేసే చెయ్యి కాదది” అన్నాను. ఓనరు తల దించుకున్నాడు. నేను దించుకోలేదు.

త్వరగా వచ్చేయండి. ఆ ఉత్తరం కాల్చమన్నాను కదా, కాల్చకండి. ఇదీ అదీ కలిపి అక్కడి పనివాళ్లందరికీ పైకి చదివి వినిపించండి. కాల్చేసి ఉంటే చెప్పండి, మళ్లీ రాసిస్తాను.

ఇట్లు,
పాలిష్ మేస్త్రీ భార్య