నన్ను అడగకుండ పెట్టిన సంతకం

దేవరాజ్,

పప్పు గిన్నెల ఉంది, వేడి చేసుకో. నన్ను చూసుకునే సాయిలతను పొద్దున రాంగనే ఇంటికి పంపిన. ఆ పిల్లను ఏమనకు. నేను నాగిరెడ్డిపేటకు పోతున్న, నాతోటి నర్సు పని చేసిన ఈరవ్వ ఇంటికి.

సాయిలతను పంపిన ఆఫీసోళ్ల కాగితం నిన్న బీరువాల దొరికింది. 'పెద్దవాళ్లను అడగకుండా వారి విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోరాదు' అని అండ్ల మొదటి హక్కే రాసున్నది. కింద నా పేరు మీద సంతకం నువ్వే పెట్టినవ్, నన్ను అడగకుండ! శాన మంచిగుంది బిడ్డా.

ముప్పై ఏండ్లు నర్సు పని చేసిన. మనిషికి చెప్పకుండ సూది గూడ ఇయ్యలే. ఇప్పుడు సాయిలత నా ముందటనే నీకు ఫోన్ చేసి "పేషెంటు తిన్నది, పేషెంటు పండుకున్నది" అని చెప్తున్నది. ఆ పిల్ల బజారుకు పోతే, నువ్వు చెప్పినవని నన్ను లోపల పెట్టి బయట తాళం ఏస్తున్నది. అది నా క్షేమానికంట! నీ నిమ్మళానికి నేను జైల్ల ఉండాల్నా?

సోమవారం వస్త. నా పక్కన కూసొని ఆ కాగితం మొత్తం చదువు. నచ్చితే సంతకం నేనే పెడ్త.

అమ్మ

మరిచిన: నీ బీపీ గోలీలు టీవీ కాడ పెట్టిన. ఏసుకుంటవా బిడ్డా? సూడు, అడగుడంటే గిట్ల అడగాలె.